సాహిణి అంటే గుర్రపువాడేనా?

ప్రశ్న: భాస్కర రామాయణం సాహిణి మారనకు అంకితమని సాహిత్య చరిత్రలో చదువుకున్నాను. నిఘంటువు తెరిస్తే 'సాహిణి' అనే మాటకు గుర్రాలను కాచేవాడు, గుర్రాలకు నడక నేర్పేవాడు అనే అర్థాలు కనిపించాయి. కవి ఎవరి మీదో అలిగి కావ్యాన్ని గుర్రపువాడి చేతిలో పెట్టాడని ఒక పెద్దాయన చెప్పగా విన్నాను. అంత పెద్ద కావ్యాన్ని నిజంగానే ఒక గుర్రపువాడికి అంకితమిచ్చారా?

జవాబు: కథ రసవత్తరంగానే ఉంది కాని, దాన్ని నమ్మనక్కరలేదు. నిఘంటువు చెప్పిన అర్థంలో తప్పేమీ లేదు. ఒక మాటకు ఏ కాలంలోనో స్థిరపడిన అర్థాన్ని తీసుకువెళ్ళి కాకతీయుల నాటి మనిషి పేరుకు తగిలించడంలోనే చిక్కంతా ఉంది. సాహిణి మారన ప్రతాపరుద్రుని కాలపు సేనానాయకుడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆయన పేరు ముందున్న 'సాహిణి' ఇంటిపేరు గాని, గుర్రాలు తోమే వృత్తిని తెలిపే మాట గాని కాదు. అది సైన్యంలో ఆయన హోదా.

మాట పుట్టుక చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. సంస్కృతంలో 'సాధనం' అనే పదానికి పనిముట్టు, ఉపాయం అనే అర్థాలతో పాటు సైన్యం అనే అర్థం కూడా ఉంది. ఆ సాధనాన్ని చూసుకునేవాడు సాధనికుడు. ప్రాకృతంలో రెండు అచ్చుల నడుమ ఉన్న ధకారం హకారమవుతుంది కనుక 'సాధనిక' కాస్తా 'సాహణియ' వంటి రూపం పొంది, కన్నడంలో 'సాహణి'గా, తెలుగులో 'సాహిణి'గా నిలిచింది. ఈ మార్పు మనకు కొత్తదేమీ కాదు. 'సాధు' శబ్దం 'సాహు' అయి, దాని నుంచి 'సాహుకారు' పుట్టి, అది మన నోళ్ళలో నలిగి 'షావుకారు' అయిన దారి కూడా ఇదే. కాబట్టి పుట్టుకలో సాహిణి అనే మాటలో గుర్రం ఎక్కడా లేదు, ఉన్నది సైన్యమే.

దీనికి గట్టి ఆధారం 'గజసాహిణి' అనే బిరుదు. కాకతి గణపతిదేవుని గజబలానికి అధిపతిగా ఉండి, నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని రచించిన జాయప సేనానిని చరిత్రకారులు గజసాహిణి అని పేర్కొంటారు. సాహిణి అంటే గుర్రపువాడు మాత్రమే అయితే 'ఏనుగుల గుర్రపువాడు' అనే విడ్డూరమైన సమాసం ఏర్పడాలి. ఏనుగుల దళానికి గజసాహిణి ఉన్నట్టే గుర్రాల దళానికి తురగసాహిణి ఉంటాడు. వాడుకలో గుర్రపు దళం వాడికే ఆ పేరు ఎక్కువగా నిలిచిపోవడంతో, ముందున్న 'తురగ' జారిపోయి ఒట్టి 'సాహిణి' అన్నా అశ్వదళ నాయకుడనే అర్థం వచ్చింది. కన్నడ దేశపు శాసనాలలో 'సాహణి' కూడా ఇటువంటి హోదాగానే కనిపిస్తుంది.

హోదా ఎంతటిదో తెలియాలంటే గంగయ సాహిణిని చూడాలి. ఈయన గణపతిదేవుని కాలంలో కాకతీయ రాజ్యపు దక్షిణ భాగాన్ని పాలించిన కాయస్థ వంశపు నాయకుడు. కడప ప్రాంతంలోని వల్లూరు ఆ వంశంవారి కేంద్రం. ఆ కుటుంబంలోని అంబదేవుడే తరువాతి కాలంలో రుద్రమదేవిపై తిరుగుబాటు చేసి, కాకతీయ సింహాసనాన్నే కలవరపెట్టాడు. ఒక మండలాన్ని ఏలిన మనిషి, రాణిని ఎదిరించగల బలమున్న కుటుంబం ఈ మాటను గర్వంగా పేరులో నిలుపుకున్నారంటే, అందులో చిన్నతనం వెదకడానికి వీలులేదు.

మరి గుర్రాలను చూసుకునే పనికి అంత పెద్దరికం ఎందుకు వచ్చింది? మన దేశంలో, ముఖ్యంగా దక్షిణాదిన, మేలుజాతి యుద్ధాశ్వాలు సరిగా పెరగవు. అవి అరేబియా, పారశీక తీరాల నుంచి ఓడలలో దిగుమతి కావలసిందే. 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో పాండ్యదేశపు తీరాన్ని గురించి రాస్తూ, అక్కడి రాజులు ఏటా వేల సంఖ్యలో గుర్రాలు కొంటారనీ, వాటిని సాకే తీరు తెలియకపోవడం వల్ల ఏడాది తిరిగేసరికి వాటిలో అధికభాగం చచ్చిపోతాయనీ చెప్పాడు. గుర్రాలు అమ్మే వర్తకులు తమ వెంట అశ్వవైద్యులను తీసుకురారని, ఎవరినీ రానివ్వరని, గుర్రాలు చస్తేనే తమ బేరం సాగుతుందని వారి ఆలోచన అని కూడా ఆయన రాశాడు. పరదేశి మాటల్లో కొంత అతిశయోక్తి ఉండవచ్చు గాని, బంగారం పోసి కొన్న గుర్రం ఉలవలు సరిపడకనో, గిట్ట పుండుపడో కూలిపోతే రాజుకు ఒక రౌతు తగ్గినట్టే అన్నది మాత్రం వాస్తవం. గుర్రాన్ని బతికించగలవాడు ఆ రోజుల్లో సైన్యాన్ని బతికించినవాడు. అందుకే లాయం మీద అధికారం క్రమంగా దళం మీద అధికారంతో కలిసిపోయింది.

ఐరోపాలోనూ ఇదే జరిగింది. 'మార్షల్' అనే మాట ప్రాచీన జర్మానిక్ భాషలలో గుర్రం, సేవకుడు అనే రెండు పదాల కలయిక. అంటే అచ్చంగా గుర్రపువాడే. 1973లో మన సైన్యాధిపతి మానెక్‌షాకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చినప్పుడు ఆ మాట వెనుక ఉన్న లాయం ఎవరికీ గుర్తు రాలేదు, రావలసిన అవసరమూ లేదు. సాహిణి మారన విషయంలో మాత్రం మనం లాయాన్నే పట్టుకుని వేలాడుతున్నాము.

ప్రశ్న: అంత గొప్ప హోదా అయిన మాట చివరికి గుర్రాలను తోమేవాడి పేరుగా ఎలా దిగజారింది?

జవాబు: 'దిగజారింది' అనడం నాకు అంతగా రుచించదు కాని, మీరు అడిగిన మార్పు జరిగిన మాట నిజం. నా అభిప్రాయం ఇది. కాకతీయుల తరువాత దక్కనులో సైన్యపు పరిభాష క్రమంగా పారసీమయమైంది. సర్దారు, ఫౌజుదారు, సొంత గుర్రంతో కొలువుకు వచ్చే సిలేదారు, సర్కారు గుర్రం ఎక్కే బారుగీరు వంటి మాటలు వచ్చి అశ్వదళపు హోదాలన్నింటినీ ఆక్రమించుకున్నాయి. పాత మాటకు సేనలో చోటు లేకపోయినా, గుర్రం ఉన్నచోట గుర్రాన్ని పట్టుకునే మనిషి ఎప్పుడూ ఉంటాడు కనుక అది ఆ మనిషి దగ్గర నిలిచిపోయింది. కావ్యాలు చదివి నిఘంటువులు కూర్చిన పండితులకు సాహిణి అంటే అశ్వశిక్షకుడు, అశ్వరక్షకుడు అన్న అర్థమే ఎక్కువగా ఎదురై ఉంటుంది. శాసనాలు అచ్చులో విరివిగా దొరకని రోజులవి, వారిని తప్పుపట్టలేము.

ఈ ప్రయాణం చేసిన మాట ఇదొక్కటే కాదు. ఏనుగును నడిపేవాడిని మనం మావటి, మావటీడు, మావంతు అంటాము. దాని మూలం 'మహామాత్ర' శబ్దం. అశోకుని శాసనాలలో మహామాత్రులంటే రాజ్యపు ఉన్నతాధికారులు; ధర్మమహామాత్రులను నియమించానని ఆ చక్రవర్తి స్వయంగా చెప్పుకున్నాడు. సంస్కృతంలోనే ఆ మాటకు గజారోహకుడనే అర్థం కూడా వచ్చి చేరింది, ప్రాకృతాల గుండా దిగి వచ్చేసరికి ఆ రెండవ అర్థం ఒక్కటే మిగిలింది. 'రౌతు' కూడా 'రాజపుత్ర' శబ్దం నుంచి వచ్చినదే. రాజకుమారుడు గుర్రమెక్కిన బంటు అయ్యాడు. అయినా రౌతుకు సామెతలలో గౌరవం దక్కింది. 'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది' అన్నారు. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అంటూ గుర్రానికీ సామెతల్లో చోటిచ్చారు. ఆ దాణా తెచ్చి పెట్టేవాడిని మాత్రం ఈ రెండింటిలోనూ ఎవరూ తలవలేదు.

పడిలేచిన మాటలు, లేచి పడిన మాటలు ఇతర భాషలలోనూ ఉన్నాయి. 'కానిస్టేబుల్' అనే మాట లాటిన్‌లో 'లాయపు అధికారి' అని అర్థమిచ్చే పదబంధం నుంచి పుట్టి, మధ్యయుగపు ఫ్రాన్సులో సేనాధిపతి హోదాగా ఎదిగి, నేడు మన పోలీసు శాఖలో తొలిమెట్టు దగ్గర నిలబడి ఉంది.

ప్రశ్న: కాకతీయుల కాలం నేపథ్యంగా ఒక చారిత్రక నవల రాస్తున్నాను. అందులో రాజుగారి గుర్రాన్ని పట్టుకుని నిలబడే పాత్రను 'సయీసు' అని రాశాను. ఒక మిత్రుడు అది తప్పని అన్నారు. ఏ మాట వాడాలి?

జవాబు: మీ మిత్రులు చెప్పినది సరైనదే. 'సయీసు' అరబ్బీ మాట, హిందుస్తానీ ద్వారా మనకు వచ్చింది. ఓరుగల్లు కోటలో కాకతీయ ప్రభువు గుర్రం పక్కన నిలబడినవాడి నోట గాని, అతనిని పిలిచేవారి నోట గాని ఆ మాట వినిపిస్తే, చదువరి ఒక్కసారిగా కోట దాటి కంటోన్మెంటు బంగళాలో పడతాడు. మీ కథ గోల్కొండ నవాబుల కాలానికో, ఆ తరువాతి కాలానికో చెందినదైతే ఆ మాట చక్కగా అతుకుతుంది.

మీ పాత్ర గుర్రాన్ని తోమి, మేపి, జీను కట్టి తెచ్చేవాడే అయితే 'గుర్రపువాడు' అన్న మాట అన్నిటికంటె సహజంగా ఉంటుంది. అయితే ఆ మాటతో ఒక ఇబ్బంది ఉంది. గుర్రం ఎక్కినవాడు, గుర్రాన్ని అమ్మవచ్చినవాడు, గుర్రాన్ని కాచేవాడు ముగ్గురూ తెలుగులో గుర్రపువాళ్ళే, సందర్భం తోడు లేకపోతే ఎవరన్నదీ తెలియదు. పండితుల సంభాషణలో అశ్వపాలుడు, అశ్వరక్షకుడు అనిపించవచ్చు. 'సాదులు' అనే సంస్కృత పదాన్ని కొందరు ఇక్కడ వాడుతుంటారు గాని, అది పొరపాటు. అమరకోశం ప్రకారం సాది అంటే గుర్రమెక్కినవాడు, అంటే రౌతు. ఇక సాహిణి అనే మాటను ఆ లాయం మీద, ఆ దళం మీద పెత్తనమున్న అధికారికి అట్టే పెట్టండి. ఒకే సన్నివేశంలో సాహిణి ఆజ్ఞాపించడం, గుర్రపువాడు ఆ పని చేయడం, రౌతు ఎక్కి వెళ్ళడం చూపగలిగితే మూడు మాటల తేడా మీరు వివరించకుండానే పాఠకుడికి తెలిసిపోతుంది.

లాయానికి 'మందుర' అనే సంస్కృత పదం ఉంది. దానికి వాజిశాల అనే అర్థాన్ని అమరకోశమే చెప్పింది. మాటల పోగు ఎక్కువైతే కథ కదలదు కనుక 'గుర్రపుసాల' అన్నా చాలు.

ప్రశ్న: 'సయీసు' అరబ్బీ పదమని ఎక్కడో చదివాను. హైదరాబాదులో వినిపించే 'సియాసత్' అనే మాటతో దానికి చుట్టరికం ఉందని కూడా అంటారు. రాజకీయానికి, గుర్రపుసాలకు సంబంధమేమిటి?

జవాబు: సంబంధం ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధమే. రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి వచ్చాయి. ఆ ధాతువుకు జంతువును సాకడం, అదుపులో పెట్టి నడపడం అని అర్థం. ఆ పని చేసేవాడు సాయిస్, ఆ పని సియాసా. గుర్రాన్ని లొంగదీసి నడపడమనే భావం ప్రజలను పాలించడమనే భావానికి విస్తరించి, సియాసా పాలనానీతి అయింది. పారశీకంలోనూ ఉర్దూలోనూ అది సియాసత్ రూపంలో రాజకీయమనే అర్థాన్ని స్థిరపరచుకుంది. పాత పారసీ, ఉర్దూ వాడుకలో దండన విధించడమనే అర్థం కూడా దానికి ఉండేది. కళ్ళెం, కొరడా రెండూ చేత పట్టుకున్న ధాతువు కనుక ఆ అర్థం రావడంలో ఆశ్చర్యపడవలసింది లేదు. 1949లో హైదరాబాదులో మొదలైన ఉర్దూ దినపత్రిక పేరు కూడా ఇదే కావడం వల్ల తెలుగువారికి ఈ మాట మరింత పరిచితం.

మన నేల మీద సయీసు అనే మాట వ్యాప్తి ఒకే తీరుగా లేదు. ఆంగ్లేయుల పాలనాకాలంలో బెంగాలు ప్రెసిడెన్సీలో ఎక్కడ చూసినా సయీసే. బొంబాయి వైపు 'ఘోడావాలా' అనేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని దొరలు మాత్రం 'హార్స్‌కీపర్' అనే ఇంగ్లీషు మాటనే ఎక్కువగా వాడేవారు. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. అక్కడ ఇంగ్లీషులో హార్స్‌కీపరు, తెలుగులో గుర్రపువాడు చాలాయి. సయీసు అనే మాట ఉర్దూ కొలువు ఉన్న తెలంగాణలో వినిపించినంతగా అక్కడ వినిపించకపోవడానికి ఇది కారణమని నేననుకుంటాను.

ఆంగ్లేయులు ఈ మాటను తమ స్పెల్లింగుతో మలయాకు, సింగపూరుకు తీసుకువెళ్ళారు. అక్కడ గుర్రపుబండ్లు పోయి మోటారుకార్లు వచ్చాక కారు నడిపే డ్రైవరును కూడా సయీసనే పిలిచారు. ఈజిప్టులోనైతే నేడు వీధి పక్కన కార్లు నిలుపుకోవడానికి చోటు చూపించి, నాలుగు డబ్బులు పుచ్చుకునేవాడిని ఇదే మాటతో పిలుస్తారు. దొర గుర్రం దిగగానే పగ్గం అందుకుని, ఆయన తిరిగి వచ్చేదాకా దాన్ని చూసుకునేవాడి పని ఎలా ఉండేదో, కారు అప్పగించి వెళ్ళినవాడికి అతను చేసే పనీ అలాగే ఉంది కనుక పేరు మార్చవలసిన అవసరం వారికి కలగలేదు.

ప్రశ్న: ఈ గుర్రపువాళ్ళు అసలు చేసే పనులేమిటి? ఒక్క గుర్రానికి ఎంతమంది అవసరమయ్యేవారు?

జవాబు: పని విభజన అన్నిటికంటె వివరంగా కనిపించేది కౌటిల్యుని అర్థశాస్త్రంలో. రెండవ అధికరణంలో అశ్వాధ్యక్షుని విధులు చెప్పే 30వ అధ్యాయంలో గుర్రాలను సేవించే పనివాళ్ళ వరుస ఒకటి ఉంది. పగ్గం పట్టేవాడు సూత్రగ్రాహకుడు, కట్టేవాడు అశ్వబంధకుడు, గడ్డి తెచ్చేవాడు యావసికుడు, దాణా వండేవాడు విధాపాచకుడు, కట్టుచోటును చూసుకునేవాడు స్థానపాలుడు, జూలు కత్తిరించి తీర్చేవాడు కేశకారుడు, విషానికి విరుగుడు తెలిసినవాడు జాంగలీవిదుడు. ఆఖరి ఇద్దరు నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తారు. గుర్రానికి క్షురకుడు ఒకడు, గడ్డిలో దాగిన పాముకు భయపడి విషవైద్యుడు ఇంకొకడు! రోజుకు రెండుసార్లు గుర్రాలకు స్నానం చేయించాలని, గంధమూ పూలమాలలూ ఇవ్వాలని కూడా అదే అధ్యాయం విధిస్తుంది. ఇన్ని పనులకు ఇన్ని పేర్లున్నా, వాటిలో ఒక్కటీ తెలుగు వాడుకలోకి దిగిరాలేదు. పేర్లన్నీ గ్రంథంలో ఉండిపోయి, పనులన్నీ ఒక్క గుర్రపువాడి నెత్తిన పడ్డాయి.

విజయనగర కాలానికి వస్తే లెక్కలు దొరుకుతాయి. అచ్యుతదేవరాయల కాలంలో అక్కడ ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, రాజు కొలువులో గుర్రాలను చూసుకునే పనివాళ్ళు 1,600 మంది, గుర్రాలకు శిక్షణ ఇచ్చేవారు 300 మంది ఉన్నారని రాశాడు. సాకేవాడు వేరు, నేర్పేవాడు వేరు అన్న భేదం ఆ లెక్కలోనే తేటగా ఉంది. మన నిఘంటువులు సాహిణి అనే మాట కింద ఈ ఇద్దరినీ ఒకే చోట కట్టేశాయి.

నూనిజ్ చెప్పిన మరొక సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. రాజుగారి సొంత రౌతులు 6,000 మందికి గుర్రాలను రాజే ఉచితంగా ఇచ్చేవాడు, ప్రతి గుర్రానికీ రాజముద్ర వేసి ఉండేది. గుర్రం చనిపోతే ఆ ముద్ర ఉన్న తోలుముక్కను కోసి తెచ్చి అశ్వశాలాధిపతికి చూపించాలి, చూపిస్తేనే మరో గుర్రం దక్కుతుంది. బతికున్న గుర్రాన్ని రహస్యంగా అమ్ముకుని, చచ్చిందని చెప్పేవాళ్ళు ఉండబట్టే ఈ కట్టుబాటు పుట్టి ఉంటుందని ఊహించడం కష్టమేమీ కాదు. ఆ తోలుముక్కను పరిశీలించి తలూపే అధికారి కాకతీయుల కొలువులో ఉంటే ఆయనను సాహిణి అనేవారు.

ఇక రోజువారీ పని సంగతి. సయీసు తెల్లవారకముందే లేచి గుర్రం కింద ఉన్న పెంట ఎత్తి, తడిసిన గడ్డిని ఎండకు వేసి, ఇనుప పళ్ళ దువ్వెనతో దాని ఒంటిమీది ధూళిని రేపి, ఆపై కుచ్చుతోనూ అరచేతితోనూ వెంట్రుక వాలు వెంబడి రుద్దుతాడు. నాలుగు కాళ్ళనూ ఒక్కొక్కటిగా ఎత్తి తన మోకాలి మీద పెట్టుకుని, గిట్ట లోపలి చీలికలో ఇరుక్కున్న రాళ్ళను కొక్కెంతో తీసి, లాడం కదులుతున్నదేమో వేలితో తట్టి చూస్తాడు. కాలు ఎత్తమని అతను నోటితో చెప్పడు. భుజాన్ని గుర్రం భుజానికి ఆనించి కొద్దిగా తోస్తే, దాని బరువు అవతలి కాలి మీదికి మారి ఇవతలి కాలు తేలికవుతుంది. దాణాగా ఉత్తరాదిన శనగలు, దక్షిణాదిన ఉలవలు పెట్టేవారు. ఉలవలను నానబెట్టి, ఉడికించి, చల్లార్చి పెట్టకపోతే కడుపునొప్పి వచ్చి గుర్రం నేలమీద పొర్లాడుతుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, తిన్నది వికటిస్తే బయటికి రాదు, అందుకే దానికి కడుపునొప్పి ప్రాణాంతకమవుతుంది. దూరం పరుగెత్తి చెమటతో వచ్చిన గుర్రాన్ని వెంటనే కట్టివేయకుండా, ఊపిరి నెమ్మదించేదాకా మెల్లగా నడిపించడం కూడా అతని పనే. యజమాని గుర్రమెక్కి వెళుతుంటే సయీసు పక్కనే పరుగెత్తడం ఆంగ్లేయుల కాలంలో అందరికీ తెలిసిన దృశ్యం. ఎక్కినవాడికి ఆ దారి ఎంత పొడుగో, నడిచినవాడికీ అంతే పొడుగు.

ఎంతమంది కావాలన్న మీ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఆ కాలపు ఆంగ్లేయుల ఇళ్ళలో ఒక్కో గుర్రానికి ఒక సయీసును, గడ్డి కోసి తేవడానికి మరొక మనిషిని పెట్టుకోవడం పరిపాటి. గడ్డి కోసేవాళ్ళకు 'గ్రాస్‌కట్టర్' అని వేరే పేరే ఉండేది.

ప్రశ్న: పురాణాలలో ఈ వృత్తి చేసిన పాత్రలు ఎవరైనా ఉన్నారా?

జవాబు: ఇద్దరు గొప్పవారున్నారు. అజ్ఞాతవాసంలో నకులుడు విరాటుని కొలువులో గుర్రాలను చూసుకునే పనికి కుదిరాడు. సంస్కృత భారతంలో ఆయన మారుపేరు గ్రంథికుడు, తెలుగువారికి దామగ్రంథిగా పరిచితుడు. 'దామం' అంటే తాడు కనుక, గుర్రాలను కట్టే మనిషికి ఆ పేరు ఎంతో అతికినట్టుంది. రెండవవాడు నలుడు. రూపం మారి బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుని గుర్రాలను సాకాడు, రథం తోలాడు. దమయంతి రెండవ స్వయంవరమనే కబురు విని ఋతుపర్ణుడు బయలుదేరినప్పుడు బాహుకుడు బక్కచిక్కినట్టు కనిపించే గుర్రాలను ఎంచుకుంటే రాజు సందేహిస్తాడు. దారిలో అవి గాలిలా సాగిపోయాక అతని విద్యకు విస్తుపోతాడు. తనకు తెలిసిన అక్షహృదయాన్ని, అంటే పాచికల రహస్యాన్ని ఇచ్చి, బదులుగా అతని అశ్వహృదయాన్ని, అంటే గుర్రాల విద్యను పుచ్చుకోవడానికి ఒప్పుకుంటాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు దాన్ని తిరిగి గెలుచుకోవడానికి కావలసిన విద్య గుర్రాలను సాకినందువల్లే చేతికి వచ్చిందన్నమాట. మన భాషలో ఈ శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారు మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం చూడవచ్చు. అశ్వశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో చెప్పిన పాత గ్రంథమది.

ప్రశ్న: గృహిణి, యోగిని వంటి మాటలలా 'సాహిణి' కూడా స్త్రీలింగమేమో అని సందేహం. మగవాడిని సాహిణి అనవచ్చునా?

జవాబు: నిస్సంకోచంగా అనవచ్చు. గృహిణిలోని చివరి భాగం సంస్కృతపు స్త్రీప్రత్యయం. సాహిణిలోని చివరి ఇకారం మాత్రం 'సాధనిక'లోని 'ఇక' ప్రాకృతంలో అరిగి మిగిలినది, దానికీ లింగానికీ పొత్తు లేదు. ఏకవచనంలో 'సాహిణి వచ్చాడు' అని, గౌరవించదలిస్తే 'సాహిణి వచ్చారు' అని, బహువచనంలో 'సాహిణులు' అని రాయండి. సాహిణి అనే రూపం స్త్రీలింగమని భ్రమపడి కొందరు 'సాహిణుడు' అని దిద్దుతున్నారు, ఆ దిద్దుబాటు అనవసరం. పంజాబు వైపు కనిపించే 'సాహ్నీ' అనే ఇంటిపేరును కూడా కొందరు ఈ మాటతోనే కలుపుతారు. అక్కడ కూడా అది స్త్రీపురుషులిద్దరికీ సమానంగానే చెల్లుతుంది.